ఓడలు బండ్లు – బండ్లు ఓడలు



"ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి" అని మన పెద్దలు అంటూ ఉంటారు. కలిగినవాడు లేనివాడు కావచ్చు, లేనివాడు కలిగినవాడు కావచ్చు అని దాని భావం. ఈ సామెతను మీరు తెలుగు తరగతిలో విని ఉంటారు. నిజమైన ఓడల విషయంలోను, వాటిలో ప్రయాణం చేసిన సరకుల విషయంలోను ఇది ఎట్లా నిజమయిందో తెలుసుకోవాలంటే, మీలో పలువురు పెరుగుతున్న ఈ ఒమన్ దేశం కంటె తగిన చోటు దొరకడం కష్టం. ఒక దేశం మరొక దేశంతో చేసే వర్తకాన్ని అంతర్జాతీయ వర్తకం అంటారు. దానివల్ల ఎవరు బాగుపడతారు, ఎవరు చితికిపోతారు అనే సంగతిని ఈనాడు మనం ముచ్చటించుకుందాం.

మీ అందరికీ తెలిసిన వస్తువుతో మొదలుపెడదాం. మన ఇళ్లలో పెళ్లి అంటే పసుపుకొమ్ములు, వక్కలు, ఎండు ఖర్జూరాలు ఉండవలసిందే. పసుపు మన నేలలోనే పండుతుంది. ఖర్జూరం మాట అట్లా కాదు. మన పొలాల గట్ల మీద కనిపించే ఈతచెట్టు ఖర్జూరపు చెట్టుకు దగ్గరి చుట్టమే. కాని ఈతపండులో గుజ్జు తక్కువ, గింజ ఎక్కువ. మంచి ఖర్జూరానికి వేరు దగ్గర నీరు, నెత్తి మీద నిప్పులాంటి ఎండ కావాలి. కాయ పండే వేళ వాన పడకూడదు. కృష్ణా గోదావరీ తీరాలలో సరిగ్గా ఆ వేళకే వానలు కురుస్తాయి. ఒమన్‌లో అట్లా కాదు. ఇక్కడి పల్లెవాసులు కొండల అడుగు నీటిని 'ఫలజ్' అనే కాలువల ద్వారా తోటలకు పారించుకుంటారు. దేశానికి తూర్పున షర్కియా ప్రాంతంలో 'మబ్సలీ' అనే రకం కాయలను పసుపుపచ్చగా ఉండగానే కోస్తారు. పెద్ద రాగి కాగులలో ఉడికించి, రోజుల తరబడి ఎండబెడతారు. ఈ పనికి 'తబ్సీల్' అని పేరు. ఇట్లా ఎండిన కాయలలో ఎక్కువ భాగం భారతదేశానికే ఎగుమతి అవుతుంది.

మరి ఒమన్‌కు మననుంచి ఏమి వస్తుంది? ఇక్కడ వరి పండించేటంత నీరు లేదు. కనుక బియ్యం మన దేశం మొదలైన చోట్ల నుంచి ఓడలలో వస్తుంది. మన రైతు పట్టుబట్టి ఖర్జూరం పెంచితే చెట్టుకు వచ్చేది కొద్దిపాటి కాపు. ఇక్కడి రైతు పట్టుబట్టి వరి వేస్తే ఉన్న నీరంతా ఒక్క మడికే చాలదు. ఎవరికి అనువైనది వారు పండించి, మిగిలినదాన్ని మార్చుకుంటే ఇద్దరికీ మేలు. ఇదే వర్తకంలోని మంచి. దీనిని ఎవరూ కాదనలేరు.

అయితే, పిల్లలూ, ఇక్కడొక చిక్కు ఉంది. "ఒమన్ లాభపడింది", "భారతదేశం లాభపడింది" అని మనం తేలికగా అంటాం. దేశమంటే ఒక మనిషి కాదు గదా! దేశంలో రైతు ఉంటాడు, వర్తకుడు ఉంటాడు, నేతగాడు ఉంటాడు, కళాసీ ఉంటాడు. ఒకరికి లాభం కలిగిన చోటనే మరొకరికి నష్టం కలగవచ్చు. ఒక చిన్న లెక్క చేసి చూద్దాం.

ఒక ఊళ్లో నూట ఒక్క ఇళ్లు ఉన్నాయనుకోండి. నూరు ఇళ్లవారు బట్ట కొనేవారు. ఒక్క ఇంటివారు బట్ట నేసి అమ్మేవారు. పరదేశం నుంచి చవక బట్ట వచ్చింది. కొనేవారికి ఏడాదికి ఇంటికి 10 రూపాయల చొప్పున మిగిలింది. నూరు ఇళ్లకు కలిపి 1000 రూపాయలు. నేతగాని బట్ట అమ్ముడుపోలేదు. అతనికి ఏడాదికి 500 రూపాయల రాబడి పోయింది. వెయ్యిలో అయిదువందలు తీసివేస్తే ఊరికి 500 రూపాయల లాభమే మిగిలింది. లెక్క తప్పు కాదు. కాని పది రూపాయలు మిగిలినవాడు ఆ సంగతి వారం రోజులలో మరచిపోతాడు. అయిదువందలు పోయినవాడి ఇంట పొయ్యి వెలగదు. లాభం నూరు ఇళ్ల మీద చినుకులుగా కురిసింది. నష్టం ఒక్క ఇంటి మీద పిడుగుగా పడింది. ఈ లెక్కను గుర్తుంచుకోండి. చివర మళ్లీ దీనితో పని ఉన్నది.

ఇది ఊహించి చెప్పిన లెక్క. ఇక జరిగిన చరిత్రలోకి వెళదాం.

1833లో మస్కట్ పాలకుడు సయ్యద్ సయీద్ బిన్ సుల్తాన్ అమెరికా సంయుక్త రాష్ట్రాలతో వర్తక ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఒప్పందం ప్రకారం అమెరికా సరకుల మీద నూటికి 5 వంతులకు మించి సుంకం వేయరాదు. ఆనాడు ఒమన్ పాలకుని అధికారం ఆఫ్రికా తూర్పు తీరాన ఉన్న జాంజిబార్ దీవి దాకా వ్యాపించి ఉండేది. 1840లో ఆయన 'సుల్తానా' అనే తన ఓడను జాంజిబార్ మీదుగా న్యూయార్కుకు పంపాడు. ఆ ఓడ మన బొంబాయిలో కట్టినది. దానిమీద వెళ్లిన ప్రతినిధి పేరు అహమద్ బిన్ నామాన్. 1840 ఏప్రిల్ 30న ఆ ఓడ న్యూయార్కు రేవు చేరింది. అందులో ఖర్జూరాలు, కాఫీ గింజలు, లవంగాలు, ఏనుగు దంతాలు, తోళ్లు, తివాసులు ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో వచ్చిన సరకులలో అమెరికా మిల్లులలో నేసిన ముతక నూలుబట్ట ముఖ్యమైనది.

ఆ బట్టకు తూర్పు ఆఫ్రికాలో 'మెరికానీ' అనే పేరు స్థిరపడింది. అమెరికా అనే మాటే అట్లా మారింది. అది గట్టిది, చవకది. అంతకు పూర్వం అక్కడి అంగళ్లలో గుజరాత్, కచ్ ప్రాంతాలలో చేతిమగ్గాల మీద నేసిన బట్ట విరివిగా అమ్ముడుపోయేది. మెరికానీ వచ్చిన తరువాత ఆ గిరాకీ సన్నగిల్లింది. జాంజిబార్‌లో బట్ట కొన్నవాడు సంతోషించాడు. అమెరికాలో మిల్లు యజమాని సంతోషించాడు. నడుమ నిలిచిన వర్తకులకు లాభం వచ్చింది. తమ బట్టను కొనేవారు ఎందుకు తగ్గిపోయారో ఎక్కడో గుజరాత్ పల్లెలోని నేతగానికి తెలియనుకూడా తెలియదు.

అంతటితో కథ ముగియలేదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలయింది. 1865 వరకు సాగిన ఆ యుద్ధంలో ప్రత్తికి కరవు వచ్చి, మెరికానీ రావడం ఆగిపోయినంత పనయింది. ఆ ఖాళీలోకి ఇంగ్లండు బట్ట, భారతదేశపు బట్ట ప్రవేశించాయి. కొంతకాలానికి బొంబాయి మిల్లులు ఆ సంతను పట్టుకున్నాయి. నిన్న గెలిచినవాడు నేడు ఓడాడు. కాని గమనించండి: గుజరాత్‌లో మగ్గం మూలబడిన నేతగానికి బొంబాయి మిల్లు గెలుపు వల్ల ఒరిగిందేమీ లేదు. "భారతదేశపు బట్ట గెలిచింది" అనే వాక్యంలో అతడు లేడు.

ఇటువంటి కథ మన తెలుగు తీరంలోనూ జరిగింది. మచిలీపట్నం 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు. అక్కడినుంచి అద్దకపు బట్టలతో బయలుదేరిన ఓడలు ఒమన్‌కు ఎదుటి గట్టున ఉన్న పారశీక దేశపు బందర్ అబ్బాస్ రేవుకు వెళ్లేవి. పారశీకుల అభిరుచికి తగిన పువ్వులు, లతలు మన కలంకారీ పనివారు వేసేవారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు యంత్రాలు అచ్చువేసిన బట్ట ముంచెత్తడంతో ఆ వర్తకం దెబ్బతిన్నది. యంత్రం ఒక్క రోజులో వేసే అచ్చు చేతితో వేయాలంటే నెలలు పడుతుంది. మచిలీపట్నం పక్కన పెడన ఊళ్లో ఆ విద్య ఈనాటికీ బ్రతికి ఉన్నది. కాని ఒకనాడు దానిమీద బ్రతికిన కుటుంబాలలో ఎన్నో వేరే పనులు వెతుక్కోవలసి వచ్చింది.

ఇప్పుడు ఓడల సంగతి చూద్దాం. సరకులు మారినట్లే సరకులు మోసే ఓడలూ మారాయి. ఒమన్ నావికులు గాలివాటు తెలిసినవారు. ఈశాన్య ఋతుపవనం వీచే నెలలలో తెరచాప ఎత్తి ఆఫ్రికాకు సాగేవారు. నైఋతి ఋతుపవనంతో తిరిగి వచ్చేవారు. 1862లో బ్రిటిషు కంపెనీ పొగ ఓడలు బొంబాయి నుంచి మస్కట్ మీదుగా బస్రా వైపు క్రమంగా నడవడం మొదలయింది. ఉత్తరాల సంచులు మోసినందుకు ఆ కంపెనీకి ప్రభుత్వం సొమ్ము ఇచ్చేది. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. పొగ ఓడకు గాలితో పనిలేదు. ఫలానా రోజున వస్తానంటే ఆ రోజుకు వస్తుంది. దూరదేశపు సరకు త్వరగా చేరడం వల్ల వర్తకుడు బాగుపడ్డాడు. ప్రయాణీకుడు సుఖపడ్డాడు. తెరచాప ఓడ యజమానికి, సరంగుకు, కళాసీకి, వడ్రంగికి మాత్రం పని తగ్గింది. దానికి తోడు 1861లో జాంజిబార్, మస్కట్ రెండు వేరు వేరు రాజ్యాలుగా విడిపోయాయి. మస్కట్ నుంచి ఎంతోమంది జాంజిబార్‌కు వలసపోయారు.

పిల్లలూ, మీరు సూర్ పట్నం చూశారా? అక్కడ ఓడలు కట్టే పని ఆ తరువాత కూడా చాలాకాలం సాగింది. 1951లో అక్కడ కట్టిన 'ఫతహ్ అల్ ఖైర్' అనే పెద్ద ఓడను ఈనాడు ఒడ్డుమీద నిలబెట్టి, చూడవచ్చినవారికి చూపిస్తున్నారు. అలల మీద తేలవలసిన ఓడ నేలమీద నిలబడింది. ఓడ బండి కావడమంటే ఇదే గదా! మన కాకినాడకు దగ్గరలోని కోరంగి కూడా ఒకనాడు తెరచాప ఓడలు కట్టడానికి, బాగుచేయడానికి పేరుపొందిన రేవు. 1839 తుఫాను దానిని ముంచింది. ఆ తరువాత మేట వేసిన ఇసుక, పొగ ఓడల పోటీ దానిని లేవనివ్వలేదు.

మళ్లీ ఖర్జూరం దగ్గరకు వద్దాం. 19వ శతాబ్దం చివరినాటికి అమెరికాలో ఒమన్ ఖర్జూరానికి గిరాకీ బాగా పెరిగింది. సమాయిల్ లోయలో పండే 'ఫర్ద్' అనే రకం దూరప్రయాణానికి తట్టుకుంటుంది. కనుక న్యూయార్కు వర్తకులు దానిని కోరేవారు. తోటల యజమానులు లాభపడ్డారు. ఒంటెలవారికి బాడుగ దొరికింది. మస్కట్‌లో స్థిరపడిన గుజరాతీ వర్తకులకు వ్యాపారం పెరిగింది. అమెరికాలోని పిల్లలు పండుగనాడు తీపి తిన్నారు. ఇదంతా లాభం వైపు.

నష్టం వైపున ఎవరున్నారు? బాతినా తీరపు తోటలలో బావులనుంచి నీరు తోడి చెట్లకు పోసినవారిలో చాలామంది తూర్పు ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసలు. దూరదేశంలో గిరాకీ పెరిగినకొద్దీ ఇక్కడ వారి చాకిరీ పెరిగింది. న్యూయార్కులో ఖర్జూరం కొన్న తల్లికి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. సరకు వేలమైళ్లు ప్రయాణం చేస్తుంది గాని, దానివెనుక ఉన్న కన్నీరు ప్రయాణం చేయదు. ఒమన్‌లో బానిసత్వం 1970లో రద్దయింది.

ఇంకొక మలుపు వినండి. 1902లో డేవిడ్ ఫెయిర్‌చైల్డ్ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు మస్కట్ వచ్చాడు. బహ్రయిన్, బస్రా, బాగ్దాద్ కూడా తిరిగి ఖర్జూరపు పిలకలు సేకరించి తన దేశానికి పంపాడు. మరికొందరు ఉత్తర ఆఫ్రికా నుంచి పిలకలు తెచ్చారు. కాలిఫోర్నియా రాష్ట్రంలోని కోచెల్లా లోయ ఎడారి నేల వాటికి బాగా పట్టింది. ఒక తరం గడిచేసరికి అమెరికావారు తమ ఖర్జూరం తామే పండించుకోసాగారు. ఒమన్ ఖర్జూరానికి అక్కడి గిరాకీ పడిపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. సమాయిల్ రైతు చేసిన తప్పేమిటి? అతడు బద్ధకించలేదు. అతని ఖర్జూరంలో తీపి తగ్గలేదు. ఫలజ్ నీరు ఎండలేదు. వేలమైళ్ల దూరాన, అతడు ఎన్నడూ చూడని లోయలో ఎవరో పిలకలు నాటారు. అంతే, అతని చెట్టు విలువ తగ్గిపోయింది. వర్తకంలో నష్టపోయినవాణ్ణి చూసి "సోమరి, తెలివిలేనివాడు" అని కొందరు తేలికగా అంటారు. చాలాసార్లు అది నిజం కాదు. గెలిచినవాడంతా తెలివైనవాడు కాడు, ఓడినవాడంతా చేతకానివాడూ కాడు.

తరువాత ఒమన్ భాగ్యం మరొక విధంగా తిరిగింది. 1967లో ఈ దేశం మొదటిసారిగా ముడిచమురు ఎగుమతి చేసింది. 1970లో సుల్తాన్ కాబూస్ అధికారానికి వచ్చేనాటికి ఒమన్‌లో ఉన్న బడులు మూడు; తారు రోడ్డు 10 కిలోమీటర్లు. చమురు అమ్మిన సొమ్ముతో బడులు, ఆసుపత్రులు, రోడ్లు, రేవులు వచ్చాయి. 1998లో సలాలాలో పెద్ద పెద్ద ఇనుప పెట్టెలు మార్చే కొత్త రేవు పని మొదలుపెట్టింది. ఖండాంతర ఓడలు అక్కడ ఆగి సరకు మార్చుకుంటున్నాయి. బండ్లు ఓడలయ్యాయన్నమాట. ఆ నిర్మాణాలకు చేతులు కావలసివచ్చాయి. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, తెలంగాణ పల్లెల నుంచి మనవారు వచ్చారు. మేస్త్రీలు, వడ్రంగులు, డ్రైవర్లు, నర్సులు, ఇంజనీర్లు, ఇంటిపనివారు వచ్చారు. వారిలో మీ తల్లిదండ్రులూ ఉండి ఉంటారు. వారు పంపిన సొమ్ముతో స్వగ్రామాలలో అప్పులు తీరాయి, ఇళ్లు లేచాయి, చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి.

అయితే చమురు ధర ఒకచోట నిలిచేది కాదు. 2014 జూన్‌లో పీపా ధర 110 డాలర్లు దాటి ఉండేది. 2016 జనవరిలో అది 30 డాలర్ల కంటె దిగువకు పడింది. భారతదేశం చమురు కొనే దేశం. ఒమన్ చమురు అమ్మే దేశం. ధర పడితే కొనేవానికి ఆదా, అమ్మేవానికి నష్టం. ఒక కుటుంబాన్ని ఊహించండి. అన్న కాకినాడలో లారీ నడుపుతాడు, తమ్ముడు మస్కట్‌లో కట్టడపు పని చేస్తాడు. చమురు చవకయితే అన్నకు దేశంలో కాస్త వెసులుబాటు. ఇక్కడ పనులు ఆగి తమ్ముడు ఉద్యోగం పోగొట్టుకోవచ్చు. ఒకే తల్లి బిడ్డలు ఒకే ధరవల్ల చెరొక ఒడ్డున నిలబడతారు. "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అని మన సామెత. ఇక్కడ పిల్లీ ఎలుకా ఒకే ఇంట ఉన్నాయి.

ఇంకొక పక్షం కూడా వినాలి. ఇక్కడి ఒమనీ యువకుడు చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటాడు. తక్కువ జీతానికి పనిచేసే పరదేశీయుడు ఆ చోట ఉంటే అతనికి పని దొరకదు. అందుకే ప్రభుత్వం కొన్ని ఉద్యోగాలను స్వదేశీయులకే కేటాయిస్తూ వచ్చింది. 2018 జనవరిలో 87 రకాల ఉద్యోగాలకు విదేశీయులను కొత్తగా తీసుకోవడం కొంతకాలం నిలిపివేసింది. ఆ నిర్ణయం వల్ల కొన్ని తెలుగు కుటుంబాలకు దిగులు కలిగి ఉంటుంది. కొన్ని ఒమనీ కుటుంబాలకు ఆశ కలిగి ఉంటుంది. రెండూ నిజాలే. మనకు నష్టం కలిగించినదల్లా అన్యాయం అనీ, మనకు లాభం కలిగించినదల్లా న్యాయం అనీ అనుకోరాదు.

ఇంత విన్న తరువాత మీలో ఎవరైనా అడగవచ్చు: "అయితే వర్తకం మానేస్తే పోలేదా? ఎవరి వస్తువులు వారే చేసుకుంటే ఎవరికీ నష్టం ఉండదు గదా?" ఇది మంచి ప్రశ్న. 1970కి పూర్వం ఒమన్ ప్రపంచానికి దాదాపు తలుపులు మూసుకుని ఉండేది. మస్కట్ నగర ద్వారాలు రాత్రిళ్లు మూసివేసేవారు. ప్రయాణాలకు, దిగుమతులకు ఎన్నో ఆంక్షలు ఉండేవి. దానివల్ల పేదవాడు బాగుపడలేదు. మందు దొరకలేదు, చదువు దొరకలేదు. ఎంతోమంది పని వెతుక్కుంటూ పొరుగు దేశాలకు పోయారు. తలుపు మూస్తే దొంగ రాడు, నిజమే. గాలీ వెలుతురూ కూడా రావు.

మరి దారి ఏమిటి? మన పాత లెక్కను మళ్లీ తీయండి. నూరు ఇళ్లవారికి తలా 10 రూపాయలు మిగిలింది. అందులోనుంచి తలా 5 రూపాయలు తీసి ఒకచోట వేస్తే 500 అవుతుంది. నేతగాడు పోగొట్టుకున్నది సరిగ్గా అంతే. అతనికి అది ఇచ్చిన తరువాత కూడా నూరు ఇళ్లకు తలా 5 రూపాయలు మిగిలే ఉంటుంది! ఎవరికీ నష్టం లేదు, నూరుమందికి లాభం. లెక్క ఇంత సులువుగా ఉంటే లోకంలో నష్టపోయినవారు ఎందుకున్నారు? ఎందుకంటే, ఆ అయిదు రూపాయలు తనంతట తాను తెచ్చి ఇచ్చేవాడు ఉండడు. అడిగి తీసుకునే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటు చేయడం ప్రభుత్వం పని. చేయమని అడగడం ప్రజల పని.

అటువంటి ఏర్పాట్లు కొన్ని జరిగాయి. దిగుమతుల వల్ల పని పోయినవారికి భత్యం, కొత్త పనిలో శిక్షణ ఇవ్వడానికి అమెరికా 1962లో చట్టం చేసింది. 2022లో దాని గడువు ముగిసి కొత్తవారికి సాయం ఆగిపోయింది. ఏర్పాటు చేయడమే కాదు, దానిని నిలబెట్టుకోవడమూ కష్టమేనని దీనివల్ల తెలుస్తున్నది. ఒమన్ 1980లో చమురు సొమ్ములో కొంత భాగాన్ని రాబోయే రోజులకోసం దాచే నిధి ఏర్పరచింది. 2009లో పది లక్షల ఖర్జూరపు చెట్లు నాటాలని సుల్తాన్ కాబూస్ ఆదేశించాడు. ఒక్క సరకు మీదనే ఆధారపడిన దేశం ఒంటి నిట్టాడి మీద నిలిచిన గుడిసె వంటిదని ఈ నేల అనుభవంతో నేర్చుకున్నది.

వర్తకంలో నష్టపోయేవానికి కావలసినవి ముఖ్యంగా మూడు. మొదటిది వ్యవధి: మార్పు వస్తున్నదని ముందుగా తెలియాలి. రెండవది విద్య: పాత పని పోతే కొత్త పని చేతకావాలి. మూడవది తోడు: మారేవరకు పూట గడవాలి. ఈ మూడూ ఉంటే ఓడినవాడు మళ్లీ లేస్తాడు. ఇవి లేకుండా "పోటీకి నిలబడు" అని చెప్పడం ఈత రానివానిని ఏటిలోకి తోసి ఒడ్డున నిలబడి సలహాలు ఇచ్చినట్లే.

2025 డిసెంబరు 18న మస్కట్‌లో భారతదేశం, ఒమన్ ఒక పెద్ద వర్తక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని గురించి పెద్దలు మాట్లాడుకుంటున్నప్పుడు మీరు పక్కన కూర్చుని వినండి. విన్నప్పుడు మనసులో నాలుగు ప్రశ్నలు వేసుకోండి. దీనివల్ల ఏ వస్తువు ఎవరికి చవకవుతుంది? ఆ వస్తువును ఇంతవరకు ఎవరు చేసి బ్రతుకుతున్నారు? రేపు వారు ఏ పని చేసుకుంటారు? లాభపడినవారు వారికోసం ఏమి ఇస్తున్నారు? మొదటి ప్రశ్నకు జవాబు అందరూ చెబుతారు. అది వర్తకపు ప్రకటనలలోనే ఉంటుంది. మిగిలిన మూడు ప్రశ్నలు అడిగేవారు తక్కువ.

మీరు పెద్దవారై మీలో కొందరు వర్తకులవుతారు, కొందరు అధికారులవుతారు, కొందరు చట్టాలు చేసేవారవుతారు. సంతకం పెట్టే చోట కూర్చున్న రోజున, ఆ కాగితం మీద పేరు లేని నేతగాణ్ణి, కళాసీని, తోటమాలిని ఒకసారి తలచుకోండి. వారికి ఇవ్వవలసిన ఆ అయిదు రూపాయల సంగతి మరచిపోకండి.